శాంప్లర్ కొనే ముందు

ఇంట్లో పాటలు కట్టే బిడ్డ ఒకనాడు "నాన్నా, నాకు శాంప్లర్ కావాలి" అని అడుగుతాడు. పేరు వినగానే ఖర్చు గుర్తొచ్చి చాలామంది తండ్రులు మాట దాటేస్తారు. కాదనడానికైనా, సరేననడానికైనా ముందు ఆ పెట్టె ఏమి చేస్తుందో తెలుసుకోవడం మంచిది.

కీబోర్డులో కంపెనీవారు పెట్టిన శబ్దాలుంటాయి. శాంప్లర్ మాత్రం మనం వినిపించిన శబ్దాన్ని పట్టి దాచుకొంటుంది. డోలక్ మీద పడిన ఒక దెబ్బ కావచ్చు, నాయనమ్మ తీసిన ఒక రాగం కావచ్చు. మీట నొక్కినప్పుడల్లా అదే శబ్దం తిరిగి పలుకుతుంది. 1979లో ఆస్ట్రేలియాలో తయారైన ఫెయిర్‌లైట్ అనే ఇలాంటి యంత్రం ధనవంతుల స్టూడియోలకే అందేది. ఇప్పుడు అరచేతిలో పట్టేవి కూడా వచ్చాయి.

తక్కువ ధరలో కొనాలంటే నాలుగు సంగతులు చూడండి.

మొదటిది, ఎంతసేపటి శబ్దం పడుతుంది? పీవో-33 అనే చిన్న పరికరంలో మొత్తం 40 సెకన్లే పడుతుంది. దరువులకు అది చాలు, చరణాలకు చాలదు.

రెండవది, శబ్దం లోపలికి ఎలా వెళ్తుంది? పీవో-33లో మైకు ఉంది. 2014లో వచ్చిన కోర్గ్ వోల్కా శాంపుల్‌కు మైకూ లేదు, నేరుగా రికార్డు చేసుకొనే వీలూ లేదు. వేరే చోట రికార్డు చేసి దానిలోకి పంపాలి. ఈ సంగతి తెలియక కొంటే నిరాశే మిగులుతుంది.

మూడవది, కరెంటు పోతే పని చేస్తుందా? వోల్కా శాంపుల్, 2021లో వచ్చిన రోలాండ్ ఎస్పీ-404 ఎంకే2 రెండూ ఆరేసి పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తాయి.

నాలుగవది, చేసిన పనిని మరోచోట భద్రపరచుకొనే దారి ఉందా? పాత శాంప్లర్లలో చాలావాటికి ఫ్లాపీ డిస్కులే ఆధారం. చౌకగా దొరికినా వాటి జోలికి పోకండి. సెకండ్‌హ్యాండ్‌ది కొంటే ప్రతి మీటా నొక్కి, ప్రతి జాక్‌లోనూ వైరు పెట్టి చూసి మరీ కొనండి. అడాప్టరు, హెడ్‌ఫోను, మెమరీ కార్డు ఖర్చు కూడా లెక్కలో కలపండి.

అయినా తొందరపడి అప్పు చేయవద్దు. ఫోనులో పనిచేసే శాంప్లర్ యాప్‌లున్నాయి. మూడు నెలలు దానితో పాటలు కట్టనివ్వండి. ఆసక్తి నిలిస్తే అప్పుడు కొనవచ్చు. అప్పటికి తనకు కావలసిందేమిటో బిడ్డకే తెలుస్తుంది.

ఇంకొక్క మాట. ఇతరుల పాటలోని ముక్కను అడగకుండా తీసుకోవడం ఈ పరికరంతో చాలా తేలిక. 1991లో న్యూయార్క్‌లో ఒక ర్యాప్ గాయకుడు అలా చేసినందుకు కేసు నడిచింది. దొంగతనం చేయవద్దనే ఆజ్ఞతోనే న్యాయమూర్తి తన తీర్పును ప్రారంభించారు. పది ఆజ్ఞలు కంఠతా వచ్చిన మన పిల్లలకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

అసలు ఇతరుల శబ్దాలతో మనకేమి పని? రోకటి పోటు, బావి గిలక చప్పుడు, గంజీర మోత మన చుట్టూనే ఉన్నాయి. నాయనమ్మ గొంతు కూడా ఈ రోజు మన ఇంట్లోనే ఉంది. ఆ గొంతును రికార్డు చేయడానికి మాత్రం శాంప్లర్ కొనేదాకా ఆగవద్దు. ఈ సాయంత్రమే ఫోను తీసుకొని ఆమె పక్కన కూర్చోండి.