నలభై రెండో రోజు తోడెవరు?

కార్తీకం వచ్చిందంటే నార్కట్‌పల్లి చుట్టుపక్కల బెల్టు షాపుల దగ్గర కొన్ని ముఖాలు కనిపించవు. పొద్దుగూకితే క్వార్టర్ లేనిదే నిద్రపట్టని మనిషి అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టడు. తెల్లవారుజామున చన్నీళ్లు, రాత్రికి భజన, ఎదురుపడ్డ ప్రతివాడి నోటా 'స్వామీ' అన్న పిలుపు. మాల తీసిన వారం తిరక్కుండానే పాత దోస్తులు, పాత దావత్. చెరువుగట్టు రామలింగేశ్వరుడి మీద ఒట్టేసి మానినవాళ్లలోనూ ఇలా జారినవాళ్లుంటారు. 'వాడికి పట్టుదల లేదు' అని ఊరు తేల్చేస్తుంది. 41 రోజులున్న పట్టుదల ఒక్క రాత్రిలో ఎటు పోయింది? నాకైతే ఆ మనిషి పోగొట్టుకున్నది చుట్టూ ఉన్న స్వాముల గుంపునని అనిపిస్తుంది. తాగుడు మానడానికి తాగుబోతులే కలిసి కూర్చునే సభల వెనక ఉన్న శాస్త్రం కూడా దాదాపు అదే చెబుతోంది.

అయితే సభకంటే ముందు ఆస్పత్రి. మెదడులో గాబా అనే రసాయనం నరాలను శాంతపరుస్తుంది, గ్లుటమేట్ ఉరకలెత్తిస్తుంది. మద్యం మొదటిదాన్ని పెంచి రెండోదాన్ని అణచివేస్తుంది. ఏళ్ల తరబడి రోజూ తాగితే మెదడు దానికి తగ్గట్టు తనను తాను సర్దుకుంటుంది, ఉరకలెత్తించే వైపు బలం పెంచుకుంటుంది. అలాంటివాడు ఉన్నట్టుండి మానేస్తే ఆ బలానికి పగ్గం ఉండదు. కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు, నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పుతుంది, లేని పురుగులూ మనుషులూ కనబడతారు. ప్రాణం పోయే ప్రమాదమూ ఉంది. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం పోటెత్తింది ఇందుకే. కల్తీ కల్లుదీ ఇదే కథ. అందులో కలిపే క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, ఆల్ప్రాజోలం కూడా గాబా మీదే పనిచేస్తాయి.

కాబట్టి రోజూ తాగేవాళ్లు ఇంట్లో గది తలుపేసుకుని మానెయ్యడం మొండి సాహసం. నార్కట్‌పల్లిలో హైవే మీదే కామినేని వైద్య కళాశాల ఆస్పత్రి ఉంది. ఇలాంటిచోట సైకియాట్రీ విభాగంలో విటమిన్ బి1 ఇచ్చి, మత్తు మాత్రలను రోజురోజుకూ తగ్గిస్తూ వారం పది రోజుల్లో ఒంటిని గట్టెక్కిస్తారు. ఇంకో మాట. భర్తకు తెలియకుండా కూరలో తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ మందు కలిపే ఇల్లాళ్లున్నారు. వాళ్ల బాధ అర్థమవుతుంది. కానీ ఆ మందు పడిన ఒంట్లో మద్యం పడితే బీపీ పడిపోయి మనిషి కుప్పకూలవచ్చు.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక అసలు చిక్కు మొదలవుతుంది. అదే వీధి, అదే సాయంత్రం, అవే పిలుపులు.

1935 మేలో అమెరికాలోని ఆక్రన్ నగరంలో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి ఇలాంటి సాయంత్రంలోనే ఇరుక్కున్నాడు. తాగుడు మానేసి నెలలే అయింది. వచ్చిన పని చెడింది, హోటల్లో బార్ ఎదురుగా కనబడుతోంది. అతను చర్చిలకు ఫోన్లు చేసి, తాగుడుతో నలుగుతున్న మరో మనిషిని చూపించమన్నాడు. అలా దొరికినవాడు బాబ్ స్మిత్ అనే సర్జన్. పావుగంట కూర్చుంటానని వచ్చిన డాక్టర్ గంటల తరబడి కదల్లేదు. ఎందుకంటే బిల్ నీతులు చెప్పలేదు, తన గోడు చెప్పుకున్నాడు. ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది అక్కడే. మన దేశానికి అది 1957లో వచ్చింది.

సభలో జరిగేది ఇప్పటికీ అంతే. ఇంటిపేరు అడగరు, రుసుము లేదు. మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు అడ్డు తగలరు, సలహాలివ్వరు. ఖర్చులకు సభ్యులే తోచింది వేసుకుంటారు, బయటివాళ్ల విరాళం పుచ్చుకోరు. దైవశక్తి ప్రస్తావన వస్తుంది. అది కొందరికి మింగుడుపడదు, కానీ ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకోవచ్చు.

పనిచేస్తుందా? 2020లో కొక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను, పదివేల మందికి పైగా మనుషుల వివరాలను జల్లెడపట్టింది. ఈ బాటలో నడిచినవాళ్లలో ఏడాది నాటికి పూర్తిగా మానినవాళ్లు 42 శాతం, ఇతర చికిత్సలు పొందినవాళ్లలో 35 శాతం. మహిమేమీ కాదు, కానీ పైసా ఖర్చులేని పనికి ఇది చిన్న ఫలితం కాదు. పరిశోధకులు చెబుతున్న కారణాల్లో ముఖ్యమైంది ఒకటి: సభలకు వెళ్లేవాళ్ల పరిచయాల్లో తాగేవాళ్లు తగ్గి, మానినవాళ్లు పెరుగుతారు. వినేవాడికే కాదు, చెప్పేవాడికీ మేలేనన్న సంగతీ తేలింది. సాటివాళ్లకు సాయపడినవాళ్లు మళ్లీ జారడం తక్కువని 2004 నాటి ఒక అమెరికా అధ్యయనం చూపింది.

తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో 43 శాతం తాగుతారని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. దేశంలో మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని 2019లో కేంద్ర సాంఘిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన సర్వే తేల్చింది. మండల కేంద్రంలో మరో అడ్డంకి సిగ్గు. ఎవరు ఎక్కడికి పోతున్నారో బస్టాండుకు తెలుస్తుంది. అందుకే మొదట్లో పక్క ఊరి సభకు పోవడం తెలివైన పని. హైదరాబాద్‌లో సభలు చాలాకాలంగా నడుస్తున్నాయి, విజయవాడ రోడ్డు మీద బస్సులకు కొదవలేదు. ఫోన్‌లో ఆన్‌లైన్ సభలూ ఉన్నాయి. బయటివాళ్లూ రాదగ్గ 'ఓపెన్' సభకు భార్యనో తమ్ముడినో వెంట తీసుకుపోవచ్చు. ఇంట్లోవాళ్ల కోసం అల్-అనాన్ అని వేరే సభలున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే టెలీ మానస్ 14416కు, లేదా వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి, పైసా పడదు.

ఇద్దరు ముగ్గురు తాగుబోతులు మానుకోవడం కోసం ఒకచోట కూర్చుంటే తమను గ్రూపు అని పిలుచుకోవచ్చన్నది ఆల్కహాలిక్స్ అనానిమస్ సంప్రదాయం. దీనికి భవనం అక్కర్లేదు, అనుమతి అక్కర్లేదు. మాల తీశాక కూడా తాగకూడదనే నిశ్చయంతో ఉన్న ఇద్దరు మీ ఊళ్లో ఉంటే, వాళ్లిద్దరికీ ఒకరి ఫోన్ నంబర్ ఒకరికి ఇప్పించండి.