చిన్న మహాకాయుని వెలుగును, నీడయు



జపానుదేశమున బొమ్మలకు నడక నేర్పి తెరపై నాడించు కథలను ఆనిమే యందురు. అవి పసివారి కాలక్షేపమని మనలో పెక్కురి తలంపు. మా మనుమల ప్రక్కన కూర్చుండి నేను చూచినవానిలో ‘హైక్యూ’ యనునది మాత్రము పాత్రపోషణమున మన యాలంకారికులు సైతము మెచ్చదగినది. హరుఇచి ఫురుదతె దీనిని 2012 మొదలు 2020 వఱకు ఒక వారపత్రికలో బొమ్మలకథగా వెలువరించెను. అది 45 సంపుటములైనది. 2014లో తెర కెక్కినది.

కథ వాలీబాలు ఆటను గూర్చినది. మన గ్రామముల బడిదొడ్లలో ఆడునదే గనుక నియమములు చెప్పనక్కఱలేదు. పురుషుల పోటీలలో వల యెత్తు 2 మీటర్ల 43 సెంటిమీటర్లని మాత్రము జ్ఞప్తి యందుంచుకొనుడు. పొట్టివానికి అది గోడవంటిది.

మియాగి మండలమున కరసునో యను ఉన్నతపాఠశాల కలదు. ఆ పేరులో కాకి యున్నది. అందుచే ఆటగాండ్రకు నల్లని దుస్తులు. ఒకప్పుడు ఆ బడిలో ఒక పొట్టి విద్యార్థి 10వ సంఖ్య గల చొక్కా తొడిగి, పొడగరుల తలలపై కెగసి బంతిని కొట్టి, తన జట్టును దేశపు పోటీలకు గొనిపోయెను. జనులు వానిని చిన్న మహాకాయుడనిరి. మనమైనచో వామనుడని యుందుము. కథారంభమునకు వాడు బడి విడిచి యేండ్లు గడచినవి. అయినను ఆ బడిలో చేరిన యిరువురు బాలురను మలచినది వాడే.

మొదటివాడు హినతా. అయిదడుగుల నాలుగంగుళముల వాడు. చిన్నతనమున సైకిలుపై పోవుచు, ఒక అంగడిలోని టెలివిజనులో చిన్న మహాకాయుని యాట చూచి నిలిచిపోయెను. అతని మాధ్యమికపాఠశాలలో బాలుర జట్టే లేదు. బాలికలతో కలిసి సాధన చేసెను; కడపటి యేట ఎవరెవరినో బతిమాలి జట్టు కూర్చి, తొలిపోటీలోనే ఓడెను. ఓడియు, తన ఆరాధ్యుడు చదివిన బడికే కొండదారిన సైకిలు త్రొక్కుచు వచ్చి చేరెను. 10వ సంఖ్య వానికే లభించెను.

రెండవవాడు త్సుకిషిమా. ఆఱడుగుల రెండంగుళముల వాడు. హినతా కోరుకొనిన యెత్తు వానికి జన్మతః లభించినది. కాని వానికి ఆటపై ఆసక్తి లేదు. బడిలో ఆట బడిలోనిదే గదా, ప్రాణము పెట్టుట యేల యని యెగతాళి.

ఈ విరక్తికి మూలము వాని యన్న అకితెరు. అన్న మాధ్యమికపాఠశాలలో మేటి యాటగాడు. కరసునోలో చేరినపిదప, తనకంటె చిన్నతరగతివాడైన చిన్న మహాకాయుని ముందు నిలువలేక, జట్టులో స్థానమే దొరకక మిగిలెను. ఇంట తమ్ముడు అన్న ఘనకార్యములను ఆశతో నడుగుచుండును. ఆ కన్నులను చూచి నిజము చెప్ప నోరాడక, నేనే జట్టున కాధారమని అన్న బొంకెను. ఒకనాడు తమ్ముడు పోటీ చూడబోయెను. అన్న ఆటస్థలమున లేడు. ప్రేక్షకుల నడుమ నిలిచి ఇతరులకు జయజయధ్వానములు పలుకుచుండెను. ఇరువురి కన్నులు కలిసినవి. ఆ బొంకును నేను దోషముగా నెంచజాలను; అది ప్రేమవలన పుట్టినది. అయినను దానివలన కలిగిన గాయము తక్కువది కాదు.

ఆలంబనము ఒక్కటియే, ఒకనియందు ఉత్సాహము, మఱియొకనియందు నిర్వేదము. భేద మెక్కడ? హినతా చూచినది ఎగిరిన పక్షిని. త్సుకిషిమా చూచినది ఆ రెక్కల నీడలో నిలిచిపోయిన మనుష్యుని. ఒకడు దూరమునుండి చూచెను, ఇంకొకడు ఇంటిలోనుండి చూచెను. ఇందులో ఎవని చూపును అసత్యము కాదు. ఈ కథ గొప్పదనమంతయు ఇచ్చటనే యున్నదని నా యభిప్రాయము.

కవి త్సుకిషిమాను ఉపన్యాసములతో మార్చలేదు. శిక్షణశిబిరమున చిన్ననాటి మిత్రుడు యమగుచి వాని చొక్కా పట్టుకొని, అభిమానము కంటె వేఱు కారణ మేల కావలయునని గద్దించెను. పిమ్మట షిరతొరిజవాతో జరిగిన మండలపు తుదిపోటీలో, మేటియైన ఉషిజిమా కొట్టిన బంతిని త్సుకిషిమా వలపై నడ్డగించి పిడికిలి బిగించి యఱచెను. ఆనాడు ప్రేక్షకులలో అన్న యుండెను. తమ్ముడు వలదనునేమో యని టోపీ క్రింద మొగము దాచుకొని వచ్చెను.

ఇక చిన్న మహాకాయుడు ఏమయ్యెనని మీ రడుగవచ్చును. పుస్తకపు కడపటి భాగములలో హినతా వానిని కలిసికొనెను. వాడు వాలీబాలు మానివేసెనట. పిదప బొమ్మలకథలు గీయువాడయ్యెను. హినతా కొంచెము విస్తుపోయి, మరల తన యాటకు మరలెను. జట్టులో ఎన్నడును స్థానము దొరకని అకితెరు మాత్రము ఉద్యోగము చేసికొనుచు, ఊరి పెద్దల జట్టులో చేరి యింకను ఆడుచునే యున్నాడు.