ఇద్దరూ బెజవాడ దాకా నడుద్దామనుకుంటున్నారా?

కూచిపూడి నుంచి బెజవాడ దుర్గమ్మ కొండకు నడిచి వెళ్లాలని మీ ఇంట్లో ఇద్దరికీ ఒకే కోరిక పుట్టిందనుకుందాం. పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు మీదుగా ఎర్రబట్టలతో సాగిపోయే భవానీలను చూసినప్పుడల్లా ‘ఈసారి మనమూ’ అనిపించడం సహజమే. అయితే దారి 50 కిలోమీటర్లు దాటుతుంది. గంటకు 4 కిలోమీటర్ల చొప్పున వేసుకున్నా, కాళ్లు కదిలే సమయమే 12 గంటలకు పైన. యాభైకి అటూఇటూగా ఉన్న జంట దీన్ని ఒక్కరోజులో ముగించాలనుకుంటే అది మొండితనమే. నడకకు మూడు రోజులు పెట్టుకోండి. సాధనకు కనీసం మూడు నెలలు.

ముందుగా డాక్టర్‌ను కలవండి, అదీ విడివిడిగా. పక్కన భర్త ఉంటే ఆవిడ ఆయాసం సంగతి చెప్పదు. పక్కన భార్య ఉంటే ఆయన ఛాతీలో బరువు సంగతి దాచేస్తాడు. మెట్లెక్కితే ఆయాసం రావడాన్ని ‘ఒళ్లు చేశావు’ అని కొట్టిపారేసే ఇళ్లే ఎక్కువ. మన దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కాబట్టి ఆవిడకు హిమోగ్లోబిన్ పరీక్ష తప్పనిసరి. షుగర్, బీపీ ఉన్నవాళ్లకు ఈసీజీ, ఇతర గుండె పరీక్షలు అవసరమా అన్నది డాక్టరే తేలుస్తారు.

ఇక వేగం. మనలో చాలామంది భర్తలు నాలుగడుగులు ముందు నడుస్తారు, అదేదో పుట్టుకతో వచ్చిన హక్కన్నట్టు. వెనకున్న మనిషి అందుకోవాలని గబగబా నడిచి అలసిపోతుంది. నెమ్మదిగా నడిచేవారినే ముందు నడవనివ్వండి. వేగం సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు. నడుస్తూ పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. రెండు మాటలకోసారి ఊపిరి తీసుకోవాల్సి వస్తుంటే వేగం ఎక్కువైనట్టే. ఒకరు ‘ఆగుదాం’ అంటే రెండోవారు కారణం అడక్కుండా ఆగాలి. ఈ ఒప్పందం బయల్దేరకముందే కుదరాలి.

ఇంటి నుంచి మొవ్వ వైపు తెల్లవారుజామున నడక మొదలుపెట్టి, వారంవారం కొద్దికొద్దిగా దూరం పెంచండి. ఆఖరి నెలలో వరసగా రెండు రోజులు ఎక్కువ దూరం నడిచి చూడండి. మొదటిరోజు ఎవరైనా నడుస్తారు, రెండోరోజు పొద్దున లేచాకే అసలు సంగతి తెలుస్తుంది. ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి తరంగం ఆడే పాదం వెనక ఎన్నేళ్ల సాధన ఉంటుందో మీ ఊరివాళ్లకు ఒకరు చెప్పాలా?

పాదాల దగ్గరే ఇద్దరూ కలిసి వెళ్లడంలో అసలు లాభం ఉంది. చాలాకాలంగా షుగర్ ఉన్నవారిలో నరాలు దెబ్బతిని పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. బొబ్బ చిట్లినా, ముల్లు దిగినా నొప్పి తెలియదు. నొప్పి లేదు కదా అని అలాగే నడుస్తారు. ఆ పుండు ముదిరి కాలు తీసేయాల్సిన పరిస్థితి కూడా రావచ్చు. దీన్ని ఇంట్లోనే కనిపెట్టే తేలిక పద్ధతి ఒకటుంది. షుగర్ ఉన్నవారు కళ్లు మూసుకుని పడుకోవాలి. రెండోవారు ఒక్కో పాదంలో బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు చివరలను చూపుడువేలితో సుతారంగా, ఒకటి రెండు సెకన్లు తాకాలి. నొక్కకూడదు, గోకకూడదు. ఆరింటిలో రెండు, అంతకన్నా ఎక్కువ వేళ్ల దగ్గర స్పర్శ తెలియకపోతే డాక్టర్‌కు చూపించాకే నడక మాట. దీన్ని ఇప్స్‌విచ్ టచ్ టెస్ట్ అంటారు.

దీక్షలో చెప్పులు వేసుకోరు కదా అంటారు. స్పర్శ తగ్గిన పాదంతో తారురోడ్డు మీద వట్టికాళ్ల నడక మాత్రం వద్దు. బూట్లు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. కొత్తవాటిని సాధనలోనే అలవాటు చేసుకోవాలి. మజిలీ చేరాక ఒకరి అరికాళ్లు మరొకరు, వేళ్ల సందులతో సహా, దీపం వెలుతురులో చూడండి. సొంత అరికాలు చూసుకోవాలంటే యాభై దాటిన నడుము వంగొద్దూ!

షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి ఎక్కువసేపు నడిస్తే చక్కెర పడిపోవచ్చు. మోతాదు మార్పు డాక్టరే చెప్పాలి. చెమట, వణుకు కన్నా ముందు కొందరిలో చిరాకు కనిపిస్తుంది. ఉయ్యూరు దాటాక మీ ఆయన కారణం లేకుండా కసిరితే పోట్లాట పెట్టుకోకండి, గ్లూకోమీటర్ తీయండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కు ఫోన్ చేయండి. ఛాతీలో బరువు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమట పట్టినా అంతే.

చివరిగా కొండ. డెల్టాలో పుట్టి పెరిగిన కాళ్లకు చదును నేలే అలవాటు. మెట్లెక్కడానికి ఊపిరి కావాలి, దిగడానికి తొడ కండరాల బలం కావాలి. మోకాళ్లు ఎక్కువగా నొచ్చేది దిగేటప్పుడే. అందుకే సాధనలో వారానికి రెండుసార్లు మేడమెట్లు ఎక్కి దిగండి. దిగేటప్పుడు పిట్టగోడో, భుజమో, ఏదో ఒకటి పట్టుకోండి.