వేగమునకు జరిమానా

కల్లములనుండి మిరపకాయ గుంటూరు యార్డునకు తరలు దినములలో మన సభ్యుల యిండ్లకు చలానాలు వచ్చుచుండుట మేమెరుగుదుము. డ్రైవరు తొందరపడినాడని యెల్లరును చెప్పుదురు. ఆ తొందర డ్రైవరుది కాదని మా యభిప్రాయము.

బస్తాలు కుట్టుట ఆలస్యమగును, కాటా ఆలస్యమగును, కూలీల లెక్క తేలదు. బండి కదలునప్పటికి వేళ మించును. ఆ లోటంతయు దారిలో పూడ్చుమని డ్రైవరుపై బడవేయుదుము. లెక్క చూతము. 40 కిలోమీటర్ల దారి గంటకు 60 చొప్పున పోయిన 40 నిమిషములు, 80 చొప్పున పోయిన 30 నిమిషములు. మిగులునది 10 నిమిషములే. బస్తాలను ముందునాటి సాయంకాలమే కుట్టి, కాటా వేసి యుంచినచో ఇంతకు నాలుగింతలు మిగులును.

సరుకు బండ్లకు కేంద్ర ప్రభుత్వము 2018లో విధించిన గరిష్ఠ వేగము, మధ్య విభాగినితో నాలుగు వరుసలుగల రహదారిపై 80, తక్కిన బాటలపై 60. ఊరి మొదట పలకపై అంతకు తక్కువ వ్రాసియున్న, దానినే పాటింపవలయును. మీరినచో, 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము తేలిక బండికి 1000 మొదలు 2000 రూపాయలు, పెద్ద లారీకి 2000 మొదలు 4000 రూపాయలు జరిమానా. మరల పట్టుబడిన లైసెన్సునకే ముప్పు. జీతగానిచే అట్లు తోలించిన యజమానియు దండనార్హుడే. ఈ సంగతి మనలో పలువు రెరుగరు.

కెమెరాను చూచి బ్రేకు వేసిన చాలునని కొందరి తలంపు. లేజరు యంత్రము మనకంటబడక మునుపే దూరమునుండి వేగము కొలిచి, నంబరుతో ఫోటో తీసికొనును. విత్తనముల ప్రదర్శనకు పోవుచు మేమును ఒకమారు ఇట్లే బ్రేకు వేసి, తప్పించుకొంటిమని నవ్వుకొంటిమి. నాలుగు దినములకు ఫోనులో చలానా వచ్చినది. అందు మా కారు బొమ్మ చక్కగ నున్నది!

జరిమానా అటుండనిండు. వేగము 60 నుండి 80 అయినచో, బ్రేకు పడిన పిదప బండి నిలుచుటకు పట్టు దూరము రమారమి 1.8 రెట్లగును. చీకటిలో దీపము లేని ట్రాలీ ముందు నిలిచియున్నచో ఆ దూరము మనకు దొరకదు.

పాత బండి నమ్మువారికి ఒక మాట. అమ్మిన 14 దినములలో రిజిస్ట్రేషను అధికారికి తెలుపవలయును. కొన్నవారికి గడువు 30 దినములు. పేరు మారనిచో, కొన్నవాడు తోలిన వేగమునకు అమ్మినవాని పేరనే చలానా వచ్చును.