పులిహోర కలుపుతూ తెలుగు

సౌదీ తూర్పు తీరాన రాస్ తనూరాలో 1945 నుంచి చమురు శుద్ధి కర్మాగారం నడుస్తోంది. అలాంటి ఊళ్లలో పెరిగే మన పిల్లలకు బడిలో ఇంగ్లీషు, దుకాణం బోర్డుల మీద అరబీ. తెలుగు వినిపించేది ఇంట్లోనే. అదీ చాలాసార్లు ‘తిన్నావా, హోంవర్క్ చేశావా, పడుకో’ దగ్గరే ఆగిపోతుంది. కొత్త మాటలు అవసరమయ్యే పని ఉంటేనే భాష పెరుగుతుంది. వంట అలాంటి పని.

శుక్రవారం సెలవే కదా, పులిహోర పెట్టుకోండి. చింతపండు నానబెట్టాలి, పిసకాలి, గుజ్జు తీసి ఉడికించాలి. అన్నం ఆరబెట్టాలి. ఆవాలు చిటపటలాడాలి, శనగపప్పు ఎర్రగా వేగాలి. పప్పు ‘వేగుతోంది’, మనం ‘వేయిస్తున్నాం’. గుజ్జు ‘ఉడుకుతోంది’, మనం ‘ఉడికిస్తున్నాం’. పుస్తకం ముందేసుకుని చెబితే తలకెక్కని ఈ తేడా పొయ్యి పక్కన నిలబడ్డ పిల్లకు ఇట్టే అర్థమవుతుంది. కత్తి, సెగ మాత్రం పెద్దల చేతిలోనే ఉండాలి.

వడ్డించాక కూడా మాటలు సాగనివ్వండి. భోజనాల దగ్గరి కబుర్లలో పిల్లలు అరుదైన మాటలు వింటారనీ, అవి వాళ్ల పదసంపదకు తోడ్పడతాయనీ హార్వర్డ్ పరిశోధకురాలు కాథరిన్ స్నో, ఆమె సహచరులు గమనించారు.

ఇక రాత. డబ్బాల మీద చీటీలు పిల్లలతోనే రాయించండి. పప్పు, ఉప్పు, బెల్లం, బియ్యం, మజ్జిగ: వంటింటి నిండా ద్విత్వాక్షరాలే. పిల్లలు తడబడే ఒత్తులకు ఇంతకన్నా మంచి సాధన లేదు.

కాస్త పెద్దపిల్లలైతే అమ్మమ్మకు ఫోన్ చేసి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి. ఆమె ‘గుప్పెడు’, ‘సరిపడా’ అంటుంది. ‘అమ్మమ్మా, నీ గుప్పెడా, నా గుప్పెడా?’ అని పిల్ల అడగక తప్పదు. వినడం, అడగడం, క్రమంలో పెట్టి రాయడం, మూడూ అక్కడే జరుగుతాయి. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే.

ఆ కాగితాన్ని ఎర్రసిరాతో దిద్దకండి. ఉన్నదున్నట్టు చదివి వండండి. ఉప్పు రాయడం మరిచిపోతే మొదటి ముద్దలోనే తెలుస్తుంది. తన రాతను పిల్ల తానే సరిచేసుకుంటుంది. ఈ శుక్రవారం ఊరికి ఫోన్ చేసేటప్పుడు కాగితం, పెన్ను పిల్లల చేతికివ్వండి.