తాత ఊరు ఏ షీట్‌లో ఉంది?

మా తాతది చిట్యాల దగ్గరి పల్లె అని చెప్పుకునేవాళ్లు హైదరాబాద్‌లోనూ ఉన్నారు, అమెరికాలోనూ ఉన్నారు. పాత పటంలో ఆ ఊరిని చూద్దామని ఇంటర్నెట్‌లో పేరు కొడితే మొదటి చిక్కు అక్కడే వస్తుంది. నల్లగొండ జిల్లాలో ఒక చిట్యాల, భూపాలపల్లి జిల్లాలో ఇంకో చిట్యాల. పైగా పాత పటాల మీద ఊళ్ల పేర్లు ఆనాటి సర్వేవాళ్ల చెవికి ఎలా వినబడితే అలా ఇంగ్లిషులో ఎక్కాయి. అందుకే పేరును నమ్ముకోకుండా అంకెలతో వెతకాలి.

ఆ అంకెలు మీ ఫోన్‌లోనే ఉన్నాయి. గూగుల్ మ్యాప్స్‌లో ఊరి మీద వేలు నొక్కిపట్టండి. నల్లగొండ చిట్యాలకు 17.23, 79.13కు దగ్గరగా చూపిస్తుంది. మొదటిది అక్షాంశం, భూమధ్యరేఖకు ఎంత ఉత్తరాన ఉన్నామో చెబుతుంది. రెండోది రేఖాంశం, లండన్‌లోని గ్రీనిచ్‌కు ఎంత తూర్పునో చెబుతుంది. చుక్క తర్వాతి భాగాన్ని 60తో గుణిస్తే నిమిషాలు వస్తాయి. 0.23 అంటే సుమారు 14 నిమిషాలు.

సర్వే ఆఫ్ ఇండియా దేశాన్ని గళ్లుగా విడగొట్టింది. 4 డిగ్రీల పెద్ద గడికి ఒక నంబరు, రెండు చిట్యాలలూ పడేది 56లో. దాన్ని డిగ్రీ చొప్పున 16 ముక్కలు చేసి ఏ నుంచి పి వరకు ఇంగ్లిషు అక్షరాలు పెట్టారు, నల్లగొండ చిట్యాలది 56 ఓ. దాన్ని మళ్లీ 16 చేస్తే ఒక్కోటి 15 నిమిషాల షీట్. చిట్యాల 56 ఓ/4లో, పై అంచుకు ఆనుకుని ఉంది. కాబట్టి ఉత్తరం వైపు ఊళ్లకోసం 56 ఓ/3 కూడా చూడాలి. భూపాలపల్లి చిట్యాల 56 ఎన్‌లో పడుతుంది.

ఎక్కడ దొరుకుతాయి? సర్వే ఆఫ్ ఇండియా ఆన్‌లైన్ పోర్టల్‌లో ఇప్పటి షీట్లను 1:50,000 స్కేలులో ఉచితంగా దించుకోవచ్చు. పాతవాటికి టెక్సస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం మేలు. అమెరికా సైన్యం 1950లలో అచ్చువేసిన భారతదేశ పటాలు 1:250,000 స్కేలులో అక్కడ ఉన్నాయి. సూచిక పటంలో మీ గడి చూసుకుని షీట్ తెరవడమే.

మా చెలక కనిపిస్తుందా? ఇది అందరూ అడిగేదే. 1:50,000 అంటే నేల మీది కిలోమీటరు కాగితం మీద 2 సెంటీమీటర్లు. ఎకరం పొలం ఒక్కో వైపు 64 మీటర్లు అనుకుంటే, పటంలో 1.3 మిల్లీమీటర్లు, ఆవగింజంత. సైన్యం పటంలో దానికి ఐదో వంతే. కాబట్టి ఊరు, చెరువు, వాగు, బాట కనిపిస్తాయి కానీ గెట్లు కనిపించవు. గెట్టు కావాలంటే జిల్లా సర్వే, భూ రికార్డుల కార్యాలయంలో గ్రామ నక్షా, టీపన్ అడగాలి. టీపన్ అంటే ఒక్కో సర్వే నంబరుకు కొలతలతో గీసిన చిత్తు పటం. సర్వే నంబరు తెలియకపోతే 1954-55 నాటి ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డులో తాత పేరు వెతకండి.

షీట్ అంచున రెండు సంవత్సరాలు ఉండవచ్చు, సర్వే చేసినదీ అచ్చువేసినదీ. మీకు కావలసింది సర్వే సంవత్సరం. ఎందుకంటే 1955లో అచ్చయిన కాగితం మీద అంతకు చాలా ముందు చూసిన ఊరు ఉండొచ్చు. సంవత్సరం చెరిగిపోతే చిట్యాల మీదుగా రైలు పట్టా ఉందేమో చూడండి. బీబీనగర్–నడికుడి మార్గం వేసింది 1970, 80లలో. పట్టా లేని పటం అంతకు ముందుది.

ఈ సంవత్సరాల లెక్క అన్నిటికన్నా ఎక్కువగా అక్కరకొచ్చేది సాగర్ ముంపు కుటుంబాలకు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. అంతకు ముందు సర్వే చేసిన షీట్లలో కృష్ణ ఇంకా నదిగానే పారుతూ ఉంటుంది. ఇవాళ నీళ్లున్న చోట ఊళ్లు, వాటి మధ్య బండ్ల బాటలు ఉంటాయి. వెళ్లి చూడ్డానికి ఊరే లేని మనవడికి ఇంతకంటే దగ్గరి ఆనవాలు దొరకడం కష్టం.

పాత పటాన్ని గూగుల్ ఎర్త్‌లో ఇప్పటి నేల మీద పరిచి, పారదర్శకత తగ్గిస్తూ పెంచుతూ పోల్చవచ్చు. సరిచూసుకోవడానికి రోడ్లను పట్టుకోకండి, వాటిని వెడల్పు చేశారు, మలుపులు తిప్పారు. చెరువు కట్టల మూలలు కలపండి.