కొత్త కిటికీలు - వాననీరు

విశాఖపట్నం, చెన్నై వంటి తీర నగరాలలోని పాత ఇళ్ళలో చెక్క కిటికీలు చీకిపోతే, వాటి స్థానంలో అల్యూమినియం లేదా యు.పి.వి.సి. కిటికీలు పెట్టించడం ఇప్పుడు మామూలే. కూడబెట్టిన డబ్బు పోసి పెట్టించిన తర్వాత, మొదటి వానకే రెండు ఇబ్బందులు ఎదురుకావచ్చు. ఒకటి, నిద్ర పట్టనివ్వని టపటప చప్పుడు. రెండు, కిటికీ గట్టు మీద నీరు, దాని కింద గోడకు చెమ్మ. వీటి కారణాలను, సరిచేసే పద్ధతులను ఈ పాఠంలో తెలుసుకుందాం.

చప్పుడు

పెద్ద వానచినుకు సెకనుకు సుమారు 9 మీటర్ల వేగంతో పడుతుంది. రాతి గట్టు మీద పడితే రాయి కదలదు కాబట్టి చప్పుడు తక్కువ. పాత గట్టు మీద పలుచని అల్యూమినియం రేకు బిగించి, కింద ఖాళీ వదిలితే ఆ రేకు డప్పులా కంపిస్తుంది. మోగుతున్న డప్పు మీద అరచేయి ఆనిస్తే మోత ఆగిపోవడం మీరు గమనించే ఉంటారు. రేకుకూ అదే ఉపాయం. దానిని విప్పి, అడుగున తారు పట్టీ గాని, బ్యూటైల్ రబ్బరు పట్టీ గాని అంటించి తిరిగి బిగించాలి.

వాన వెలిసిన తర్వాత కూడా ఒకే లయలో చప్పుడు వస్తుంటే పైకి చూడండి. పై సజ్జ అంచు నుండి నీరు ఒకేచోట కారుతూ ఉండవచ్చు.

గట్టు

గట్టుకు బయటివైపు వాటం ఉండాలి. 10 సెం.మీ. వెడల్పుకు 1 సెం.మీ. వాటం ఉంటే చాలు. రసమట్టం పెట్టి చూస్తే తెలిసిపోతుంది. గట్టు అంచు గోడకంటే 3 నుండి 5 సెం.మీ. ముందుకు రావాలి, ఆ అంచు అడుగున పొడవునా ఒక గాడి ఉండాలి. తలతన్యత వల్ల నీరు అడుగుభాగాన్ని అంటిపెట్టుకొని గోడవైపు పాకుతుంది. గాడి దగ్గరకు వచ్చేసరికి తెగి కింద పడుతుంది. కొత్త గ్రానైట్ పలక వేసేటప్పుడు ఈ గాడిని మరచిపోవడం తరచుగా కనిపించే లోపం.

నీరు పోయే రంధ్రాలు

స్లైడింగ్ కిటికీ అడుగు పట్టాలోకి కొంత నీరు రావడం లోపం కాదు. బయటివైపున్న చిన్న రంధ్రాల గుండా అది పోవాలి. అక్కడ నీరు కారుతోందని చూసి కొందరు ఆ రంధ్రాలనే సిలికాన్‌తో మూసివేస్తారు. అప్పుడు నీటికి ఇంట్లోకి రావడం తప్ప వేరే దారి ఉండదు. దుమ్ము, చచ్చిన పురుగులు చేరినా ఇదే జరుగుతుంది.

గంటకు 54 కి.మీ. వేగంతో వీచే గాలి కలిగించే పీడనం సుమారు 14 మి.మీ. ఎత్తు నీటిని నిలిపి ఉంచగలదు. అందుచేత ఈదురుగాలిలో పట్టాలో నీరు కాసేపు నిలుస్తుంది, గాలి తగ్గాక పోతుంది. పట్టా లోపలి అంచు ఇంతకంటే ఎత్తు లేకపోతే నీరు గదిలోకి పొర్లుతుంది. దీనికి సిలికాన్ మందు కాదు, పట్టా మార్చవలసిందే.

చేసి చూడండి: పట్టాలో ఒక చెంబు నీరు పోయండి. కొద్దిసేపట్లో బయటికి పోకపోతే రంధ్రాలను పుల్లతో శుభ్రం చేయండి. తర్వాత బయటినుండి నీళ్ళ గొట్టంతో ముందు గట్టును, ఆపైన పక్కలను, చివరగా పైభాగాన్ని తడపండి. ఏ దశలో లోపల తడి కనిపిస్తే లోపం అక్కడే ఉంది. ఫ్రేముకు, గోడకు మధ్య సందు దొరికితే దానిని మాత్రం బయటివైపు సిలికాన్‌తో పూడ్చాలి.

పై అంతస్తులలో కిటికీ నుండి బయటికి వంగి ఈ పనులు చేయరాదు, పరంజా కట్టే మేస్త్రీకి అప్పగించండి. చెమ్మ పట్టిన గోడలో స్విచ్ బోర్డు ఉంటే ముందుగా మెయిన్ ఆపివేయండి. గోడ పూర్తిగా ఆరిన తర్వాతే రంగు వేయించండి.

పాఠ్యగత ప్రశ్నలు
1. గట్టు అంచు అడుగున గాడి ఎందుకు అవసరం?
2. పట్టా రంధ్రాలను మూసివేస్తే ఏమవుతుంది?